మంచం పట్టె కొలత

ఖానాపురం హవేలి, ఖమ్మం
12 జూన్ 2006

మామకు,

నీ మేనకోడలు తిరుమల రాస్తున్నాను. నీకు ఫోను కొనిస్తానని నాన్న అంటే వద్దన్నావట. ఎస్‌టీడీ బూత్‌లో మీటరు తిరుగుతుంటే నీకు మాట రాదని ముత్తక్క అత్త చెప్పింది. మంచిదే. ఈ వంకతో నా చేతిరాత బాగుపడుతుంది.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న గని నుంచి రిటైరై వచ్చాక ఏం చేయాలో తోచక గేటుకు రంగు వేసిందే వేస్తున్నాడు. "ఈయనను మళ్ల గనిల దింపుండ్రి, పుణ్యముంటది" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. నేను మోతీలాల్ అన్న షాపులో డ్రాయింగులు గీసే పనిలో కుదురుకున్నాను. వంటింటి అరలు, బట్టల అల్మారాలు, టీవీ పెట్టే గోడ. కొత్త ఇల్లు కట్టుకునే ప్రతి టీచరుకూ, ప్రతి బ్యాంకు ఉద్యోగికీ ఇప్పుడు గోడ నిండా అల్మారాలే కావాలి. నేను టేపు తీసుకుని వెళ్ళి గోడలు కొలిచి వస్తాను. ఒక్క గోడా తిన్నగా ఉండదు మామా. తీరా అల్మారా తీసుకెళ్ళి ఆనిస్తే పైన వేలు దూరేంత సందు. ఆ సందు కనబడకుండా చేయడమే మన విద్య అంటాడు అన్న.

షాపుకు కొత్త బోర్డు రాయించాలి. ఏమని రాయించాలో వారం నుంచి తేలడం లేదు. కాబినెట్లు అని రాస్తే ఎవరో మంత్రిగారి ఆఫీసు అనుకుంటారట. ఫర్నిచర్ అని రాస్తే కుర్చీలు, మంచాలు అడుగుతారట. చెక్కడం పని అని రాస్తే తలుపు మీద ఏనుగులు చెక్కమంటారట. అన్నీ కట్టెతోనే కదా, ఇంత తేడా ఏముందో నీకేమైనా తెలిస్తే రాయి.

అసలు సంగతి ఇది. ఇద్దరు పడుకునే టేకు మంచానికి పట్టె ఎంత మందం ఉండాలి? కాలి కోడులో బెజ్జం ఎంత లోతు తొలవాలి? ఎందుకని అడగకు. అమ్మకూ నాన్నకూ ఇంకా తెలియదు. ఒక కొలిక్కి వచ్చాక నేనే చెబుతాను. నీకు ఒక్కడికే రాస్తున్నాను.

నీ తిరుమల


దుమ్ముగూడెం
20 జూన్ 2006

తల్లీ తిరుమలా,

నీ ఉత్తరం పోస్ట్‌మాన్ ఇచ్చేసరికి నేను ఎవరిదో బెంచీకి కాలు బిగిస్తున్నాను. చదివి అట్లాగే కూర్చుండిపోయాను. ముత్తక్క పరుగెత్తుకొచ్చి "ఏమైంది, ఎవరికేమైంది" అని ఒకటే గోల. చెప్పాను. ఆమె వెంటనే వెళ్ళి దేవుడి దగ్గర దీపం పెట్టి, పెట్టె తీసి చీరలు చూసుకుంటోంది.

పట్టె కొలత అడిగితే మీ మామకు అర్థం కాలేదనుకున్నావా? అయింది. ఆ మాట మంచం నిలబడేదాకా నోటితో అనకూడదు కాబట్టి నేనూ అనను. కానీ ఒక్క విషయంలో కడుపు మండింది. మీ అమ్మానాన్నలకు తెలియదని రాశావు. బావకు తెలియకపోవడమేంటి, గేటు రంగులో పడి కూతురిని చూడటం మానేశాడా? సరే, ముందు నాకు చెప్పావు కాబట్టి వదిలేస్తున్నాను.

పట్టె నాలుగంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం. బెజ్జం కోడు మందంలో సగానికి కాస్త ఎక్కువ. మిగతాది నేను చూసుకుంటాను. తాత ఇల్లు విప్పినప్పుడు దిగిన టేకు దూలం నువ్వు పుట్టిన ఏడు నుంచి అటక మీదే ఉంది. ఎందుకుంచావని అడిగినవాళ్ళకు ఉండనీ అని చెబుతూ వచ్చాను. నిన్న దించాను. దుమ్మంతా మీ అత్త నెత్తిన పడింది.

ఇక మీ బోర్డు. మోతీలాల్ చేసేది గోడ పని. గోడ లేకపోతే ఆ అల్మారా నిలబడలేదు, దానికి సొంత వీపు కూడా ఉండదు. పైగా ప్లైవుడ్ ఎండకూ వానకూ ఒకేలా ఉంటుంది, బిగించి జిగురు పూస్తే అయిపోయింది. నేను చేసేది తన కాళ్ళ మీద తాను నిలబడాలి. దాని మీద మనుషులు కూర్చుంటారు, వెనక్కి వాలతారు, కోపమొస్తే తంతారు. కట్టె కూడా ఊరుకోదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు చిక్కుతుంది. కదిలే వస్తువును కదలకుండా కలపాలి. పెట్టెలు అతికించేవాళ్ళకు అదేం తెలుస్తుందిలే. ఇది మోతీలాల్‌కు చదివి వినిపించకు.

నీ ఎత్తు ఎంతో రాయి. చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని నిలబడి కొలుచుకో. సిగ్గుపడకు.

నీ మంచి కోరే
శ్రీశైలం మామ


ఖానాపురం హవేలి
2 జూలై 2006

బంగారు మామా,

గుట్టు పట్టేశావు! నీ ఉత్తరం మిద్దె మీదికి తీసుకెళ్ళి చదువుకుని ఏడ్చాను. అందరికంటే ముందు కాదనేది నువ్వేనని భయపడ్డాను. నువ్వేమో దూలం దించానంటున్నావు. నీ కాళ్ళు మొక్కాలి.

ఇదంతా లాల్‌సింగ్ వల్ల. ఆయన లేకపోతే నేనింకా కాగితాల మీదే ఉండేదాన్ని. మొదటిరోజు నా చేయి పట్టుకుంటే ఒళ్ళంతా వణికింది. "భయపడకు, నేనున్న గద" అన్నాడు. ఆ తర్వాత భయం లేదు. షాపులో మిగతావాళ్ళు నవ్వారు, ఆయన పట్టించుకోలేదు. చదువు లేదు, ఆస్తి లేదు, ఉండేది ఇల్లెందు దగ్గర తండాలో. కానీ ఆయన చేతులు చూస్తే చాలు మామా, మనిషేమిటో తెలిసిపోతుంది. నువ్వు చూస్తే నీకూ నచ్చుతాడు.

మేమిద్దరం మాట్లాడుకున్నాం. దసరా లోపల మంచం నిలబడితే ఇంట్లో చెప్పేస్తాను. నాన్న అరుస్తాడు. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం.

నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. మణికట్టు ఎత్తు రెండడుగుల ఐదంగుళాలు. తల దాకా కొలిస్తే లాభం లేదు, మణికట్టు దాకా కొలవాలని లాల్‌సింగే చెప్పాడు.

అమ్మ చేసిన మామిడికాయ తొక్కు లారీ డ్రైవర్ చేతికిచ్చి పంపుతోంది. జాడీ తిరిగి పంపకపోతే నీతో మాట్లాడదట.

నీ తిరుమల


దుమ్ముగూడెం
14 జూలై 2006

తిరుమలకు,

ఉత్తరం అంది చాలా రోజులైంది. ఏమని రాయాలో తెలియక రాయలేదు.

మంచం నిలబడేదాకా అనకూడదని చెప్పిన మాట నేనే అంటున్నాను, దోషమేదైనా ఉంటే నాకే తగలనీ. మన ఇళ్ళల్లో సంబంధం కుదిరితే పెళ్ళి అని నోటితో చెప్పరు. మేనమామకు పట్టె కొలత అడుగుతూ కబురు పంపుతారు. ఆ మాట వినగానే ఆయన లేచి ఉలి పట్టాలి. మీ అమ్మ పెళ్ళికి మా మేనమామ అట్లాగే లేచాడు. నీ ఉత్తరం చూసి నేనూ లేచాను. పెళ్ళికొడుకు సంగతి మాత్రం నేను ఇలా అనుకోలేదు.

మా ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. పర్ణశాల దాటి బొజ్జయ్య దగ్గరికి పోయాను. కోయ డోళ్ళు తొలిచే బొజ్జయ్య నీకు గుర్తుండే ఉంటాడు, చిన్నప్పుడు నీకు బొంగరం చేసిచ్చాడు. గుమ్మడి టేకు మొద్దు ముందేసుకుని కూర్చున్నాడు. మీ బోర్డులో మూడో రకం పని ఆయనదే. టేపు లేదు, అతుకు లేదు, మేకు లేదు. ఒకటే మొద్దు, లోపలిదంతా తీసేస్తే మిగిలింది డోలు. ఎక్కడ ఆపాలని అడిగితే వేలితో కొట్టి వినిపిస్తాడు. పక్కవాడి డోలుకు సరిపడా మరొకటి చేయమంటే చేతకాదని ముఖం మీదే చెబుతాడు. నాకు ఒకే కొలతలో ఆరు కుర్చీలు చేయడం వచ్చు. మీ వాళ్ళకు అరవై అరలు చేయడం వచ్చు. ఆయనకు ఒక్కటే వచ్చు, ప్రతిసారీ కొత్తగా.

నీ సంగతి చెప్పాను. పని ఆపకుండా అన్నాడు: "పిల్ల ఎవలతోని ఉంటదో పిల్ల జూసుకుంటది. నీకేం పోయింది, నీ మంచం నువ్వు సక్కగ చెయ్యి."

తిరిగొస్తుంటే నాకూ అదే సబబనిపించింది. తండా అయితేనేం, మనిషి మంచివాడంటున్నావు. చేతుల పనివాడంటున్నావు. తాత గనిలో కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టినప్పుడు పక్కన ఎవరుంటే వాళ్ళ ప్రాణం కాచాడు, ఎవరివాళ్ళని అడగలేదు. ఎల్లస్వామి బావతో నేను మాట్లాడతాను. అరిస్తే నా మీద అరవనీ.

మంచం కోళ్ళు నాలుగూ చెక్కేశాను. లాల్‌సింగ్ ఎత్తు ఎంతో వెంటనే రాయి, అతని కాళ్ళు పట్టె అవతలికి వేలాడకూడదు. మణికట్టు ఎత్తు ఎందుకు రాశావో అర్థం కాలేదు. గాజులకా? మీ అత్త మాత్రం అది గాజులకే అంటోంది.

మామ


ఖానాపురం హవేలి
29 జూలై 2006

మామా,

కూర్చుని చదువు. అత్తను కూడా కూర్చోబెట్టు.

లాల్‌సింగ్ మా షాపులో అందరికంటే పెద్ద పనివాడు. ముందరి పళ్ళు లేవు. మనవరాలు ఇంటర్ చదువుతోంది. నాకంటే పొట్టి. ఆయన కాళ్ళు ఏ మంచం మీదా వేలాడవు.

ఆయన నా చేయి పట్టుకున్నది ఉలి ఎలా పట్టాలో చూపించడానికి. నేను పని నేర్చుకుంటున్నాను మామా. గీయడం కాదు, చేయడం. మార్చి నుంచి. మోతీలాల్ అన్న ఒక షరతు పెట్టాడు. అల్మారాలు ప్లైవుడ్‌తో ఎవరైనా కూర్చగలరు, దసరా లోపల అసలు కట్టెతో నీ చేతులతో మంచం చేసి నిలబెట్టు, అప్పుడు నిన్ను పనివాళ్ళలో కలుపుకుంటా అన్నాడు. అందుకే నీకు రాశాను. పట్టె కొలత అడిగితే పెళ్ళి కబురని నాకెవరు చెప్పారు? అమ్మ చెప్పలేదు, నువ్వు చెప్పలేదు. గుట్టు పట్టేశావంటే నా పని సంగతే పట్టేశావని మురిసిపోయాను.

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ముందైతే నవ్వాను. లాల్‌సింగ్ తాతకు చెబితే కింద కూర్చుని మరీ నవ్వాడు. తర్వాత నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నా కోసం నాన్నతో పోట్లాడతానని రాసిన చోట ఆగిపోయాను. అంత మాట నా కోసం నువ్వొక్కడివే అనగలవు.

పెళ్ళీ లేదు, పెళ్ళికొడుకూ లేడు. కోళ్ళు చెక్కేశానన్నావు, కోపం తెచ్చుకోకు. అత్త చీరలు మళ్ళీ పెట్టెలో పెట్టుకోమను. నాకు కావాల్సింది ఒక్కటే. ఈ పని చేసుకొమ్మని నీ నోటితో అను.

నీ తిరుమల


దుమ్ముగూడెం
4 ఆగస్టు 2006

తల్లీ,

నీ జవాబు ఇంకా రాలేదు. వానలకు బస్సులు సరిగా తిరగడం లేదు, టపా ఎక్కడో ఆగినట్టుంది. గోదావరి ఒడ్డు దాటేట్టుంది.

లాల్‌సింగ్ ఎత్తు నువ్వు రాయకపోయేసరికి ఆరడుగుల మనిషనుకుని పట్టెలు కోశాను. మంచం నిలబడింది. ఇరుగుపొరుగంతా వచ్చి చూసిపోయారు. కూర్చుని చూశాను, కిర్రుమనలేదు. ముత్తక్క తన అన్నదమ్ములకు కబురు పెట్టేసింది, నన్ను అడగలేదు. పక్కింటి జంపక్క భర్త భద్రాచలం పోతుంటే నవారు తెమ్మన్నాను, మంచి తెల్ల నవారు.

ఒక్క మాట. పెళ్ళయ్యాక కూడా పండక్కీ పబ్బానికీ మా ఇంటికి వస్తుండాలి. అతన్నీ తీసుకురా. ఏం మాట్లాడాలో తెలియకపోతే కట్టె గురించి మాట్లాడుకుంటాం.

ఊళ్ళో చాటింపు వేస్తున్నారు, మెరకకు పొమ్మంటున్నారు. ఇక ఆపుతాను.

మామ


దుమ్ముగూడెం
22 ఆగస్టు 2006

తిరుమలా,

నేను ముత్తక్కత్తను. నేను జెప్తుంటే జంపక్క రాస్తున్నది, తప్పులుంటె దానివే.

మేము బాగనే ఉన్నం. ఇంట్ల నడుము దాక నీళ్లొచ్చినయ్. స్కూలు మిద్దె మీద తలదాసుకున్నం. మీ మామ ఏం జేసిండో తెల్సా? నీ మంచం ఊడదీసి, పట్టెలు కోళ్లు నెత్తిన వెట్టుకొని స్కూలుకు మోసిండు. మా మంచం యాదికే లేదు మనిషికి. అది నీళ్లల్ల కొట్టుకపోయింది. నీ మంచం మల్ల బిగించిండు గని దాని మీద పండనియ్యడు, బురద ఎండిన నేల మీద సాప ఏసుకొని పండుతున్నం. నా నడుము నొప్పి నాకే ఎరుక.

నీ ఉత్తరం వారం కింద వచ్చింది, తడిసి ముద్దైంది. పొయ్యి కాడ ఆరవెట్టి సదివిండు. పోయి నీ మంచం మీద గోనె సంచులు కప్పిండు. ఎవరన్న అడిగితె వరద ముచ్చట్లు జెప్తుండు. నాకైతె నవ్వొచ్చింది బిడ్డా, పండ్లు లేని పెండ్లికొడుకుకు ఆరడుగుల మంచం! నవ్వితె మూడు దినాలు నాతోని మాట్లాడలే.

నువ్వు ఉలి పట్టినవంటె నాకు మంచిగనే అనిపించింది. ఆయన ముందట అనలే.

మీ అమ్మ జాడీ పోలే, భద్రంగనే ఉన్నది.

ముత్తక్కత్త


దుమ్ముగూడెం
28 ఆగస్టు 2006

తిరుమలకు,

నీ ఉత్తరం చదివాను. పెళ్ళి లేదన్నావు, సరే. నేను పొరపాటు పడ్డాను, ఊరంతా నవ్వింది, అదీ సరే. కానీ నువ్వు అడిగిన మాట నేను అనలేను.

ఇది కోపంతో రాయడం లేదు. మన పని నేల మీద కూర్చుని చేసేది. కట్టెను రెండు పాదాల మధ్య ఇరికించి పట్టుకుని, ముందుకు వంగి ఉలి కొట్టాలి. చెమట కారుతుంది, దెబ్బలు తగులుతాయి. నా కాలి బొటనవేలు సగం లేదని నీకు తెలుసు. నలుగురు మగవాళ్ళ మధ్య నువ్వు అట్లా కూర్చుని పని చేస్తుంటే నేను చూడలేను. దసరాకు పనిముట్లకు బొట్టు పెట్టేది మన ఆడవాళ్ళు, వాటిని పట్టేది మగవాళ్ళు. తాత నాటి నుంచి అంతే.

నీకు డ్రాయింగు వచ్చు. గోడలు కొలువు, అల్మారాలు గీయి. అదీ గౌరవమైన పనే, ఇంతకుముందు వెటకారంగా రాసినవి కొట్టేసుకో. మంచం నువ్వు చేయవద్దు. నేను చేసింది ఉంది, ఎప్పుడు అవసరమైతే అప్పుడు పంపుతాను.

శ్రీశైలం


ఖానాపురం హవేలి
6 సెప్టెంబర్ 2006

మామా,

ఉత్తరం కింద మామ అని రాయకుండా పేరు రాశావు. అది చూసి చాలా బాధపడ్డాను.

నా మంచం పగిలింది. ఆనందించు. అల్మారా అలవాటుతో పట్టె కొసను బెజ్జంలో ఈగ దూరకుండా బిగించి జిగురు కూడా పూశాను. ఆగస్టు వానలకు పట్టె ఉబ్బి కోడు నిలువునా చీలింది. నువ్వు ముందే రాశావు, కట్టె ఊరుకోదని. చదివాను కానీ నమ్మలేదు. ప్లైవుడ్‌తో బతికేవాళ్ళకు అది నమ్మడం కష్టం. అప్పుడు కూర్చుని ఆలోచించాను. ఉబ్బేది ఎలాగూ ఉబ్బుతుంది కదా, ఆ ఉబ్బడమే మనకు పనికొచ్చేట్టు చేయాలి. కొత్త పట్టెల కొసలు అమ్మ పొయ్యి దగ్గర పెట్టి బాగా ఆరబెట్టాను. వంటలో పొగ వాసన వస్తోందని అమ్మ తిట్టింది. ఎండిన కొసను కొంచెం పచ్చిగా ఉన్న కోడులోకి దించాను, జిగురు లేకుండా. ఇప్పుడు గాలిలో తడికి కొస లోపలే ఉబ్బి తానే పట్టుకుంది. సుత్తితో కొట్టినా రావడం లేదు. లాల్‌సింగ్ తాత చూసి బీడీ వెలిగించుకున్నాడు. ఆయన మెచ్చుకుంటే అలాగే చేస్తాడు.

ఇంట్లో చెప్పేశాను. నాన్న అరవలేదు. "గనిల ఆడోళ్లను దించరు గని, మంచం కాడ ఏమున్నది" అని గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

నిన్ను ఒక్కటి అడుగుతాను. తండా నుంచి, మీరెవరూ చూడని అల్లుడిని తెస్తున్నానని అనుకున్నప్పుడు, పది రోజులు తల్లడిల్లి చివరికి సరే అన్నావు. నా కోసం నాన్నతో పోట్లాడతానన్నావు. ఉలి పట్టిన మేనకోడలు దానికంటే కష్టమా? నువ్వు వద్దన్నా నేను చేస్తాను, అది నీకూ తెలుసు. కానీ మన ఇంట్లో ఈ పని తెలిసినవాడివి నువ్వు ఒక్కడివే. నీకు చూపించుకోలేకపోతే ఎంత బాగా చేసినా నాకు సగం సంతోషమే.

తిరుమల


దుమ్ముగూడెం
25 సెప్టెంబర్ 2006

తల్లీ తిరుమలా,

ఆలస్యమైంది. కారణం ఉంది, మొత్తం రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు వరదలో తడిసిన ఒక మొద్దు కోయాలి. మా పెద్ద రంపానికి రెండు కొసలు, నీకు తెలుసు. ముత్తక్కను పిలిచాను. అరుగు మీద కూర్చుని కదలలేదు.

"నేను రాను," అంది. "ఆడోళ్లు పనిముట్లు ముట్టద్దని పిల్లకు రాస్తివంట గద. పిల్ల జవాబు జంపక్క సదివి జెప్పింది."

"ఇది వేరే," అన్నాను.

"ఏం వేరే? పెండ్లయిన కాంచి ఇంకో కొస ఎవరు వట్టిండ్రు? నీ బొజ్జయ్య వట్టిండా? ఇయ్యాల రెండు కొసలు నువ్వే వట్టుకో, సూస్త."

పట్టుకున్నాను. పట్టుకోవడానికి ప్రయత్నించాను అనాలి. రంపం ఒక్క జానెడు దిగి వంగిపోయింది. ఆమె అరుగు మీద నుంచి దిగలేదు, నవ్వలేదు కూడా. నవ్వితే బాగుండేది. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో దిగిన ప్రతి దుంగలో సగం కోత ఆమెదే. నేను చేసిన మంచం, నేను చేసిన కుర్చీ అని చెప్పుకుంటూ వచ్చాను.

తర్వాత నీ ఉత్తరం మళ్ళీ చదివాను. పట్టె కొస పొయ్యి దగ్గర ఆరబెట్టానని రాశావు. అది నేను నీకు చెప్పలేదు. మిగతాది నేను చూసుకుంటానని కావాలనే దాచుకున్నాను. మా మేనమామ నాకు చెప్పడానికి ఎన్నో ఏళ్ళు తిప్పించుకున్నాడు. నువ్వు పగలగొట్టుకుని నేర్చుకున్నావు. నాకు గర్వంగా ఉంది. ఇంకోలా చెప్పడం నాకు రాదు.

అయినా నువ్వు నేల మీద కూర్చుని పాదాల మధ్య కట్టె పట్టుకోవడం నాకిష్టం లేదు. ఆ మాట మార్చుకోను. నా వేలు పోయినట్టు నీ వేలు పోకూడదు. అందుకే గోనె సంచులు తీసి, మంచం విప్పాను. పట్టెలు ఆరడుగుల మనిషి కోసం కోసినవి కదా, పొడుగ్గా ఉన్నాయి, పని బల్లకు సరిగ్గా సరిపోయాయి. బల్ల మీద నిలబడి పని చేసేవాళ్ళను నేను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో మీ అమ్మను అడుగు. జన్మలో మొదటిసారి బల్ల చేశాను. కట్టె బిగించుకోవడానికి పక్కన బెజ్జాలు పెట్టాను, ఎక్కడ పెట్టాలో తెలియక బొజ్జయ్యను పిలిస్తే ఆయన వేలితో కొట్టి విని "గిది డోలు గాదు, నాకెందుకు" అని వెళ్ళిపోయాడు. ఎత్తు రెండడుగుల ఐదంగుళాలు. మణికట్టు కొలత గాజులకు కాదని ఇప్పుడు తెలిసింది. లాల్‌సింగ్‌కు నా దండాలు చెప్పు, పెళ్ళికొడుకును చేసినందుకు క్షమించమను.

బల్ల ఎల్లుండి బస్సు మీద వేస్తాను. అందులోనే తాత సుత్తి ఉంటుంది. పిడి కొత్తది వేశాను, నీ చేతికి సన్నంగా. దసరాకు నీ పనిముట్లకు బొట్టు నువ్వే పెట్టుకో.

ఇక చివరి మాట. మా మంచం గోదావరిలో పోయింది. నీ మంచం బల్ల అయింది. మీ అత్త నేల మీద పడుకుని లేవలేకపోతోంది. నేను చేయగలను, కానీ ఆమె రంపం ఇంకా పట్టడం లేదు. ఇంకొకరి చేత చేయించడం నాకిష్టం లేదు. కాబట్టి అడుగుతున్నాను తల్లీ. ఇద్దరు పడుకునే టేకు మంచానికి పట్టె ఎంత మందం పెడతావు?

నీ మామ


ఖానాపురం హవేలి
4 అక్టోబర్ 2006

మామకు,

బల్ల వచ్చింది. బస్సు మీద నుంచి దించడానికి నాన్న, మోతీలాల్ అన్న, లాల్‌సింగ్ తాత ముగ్గురూ వచ్చారు. తాత బల్ల కింద దూరి అతుకులన్నీ తడిమి చూసి బీడీ వెలిగించుకున్నాడు. నేను నిలబడి చేయి వదిలితే బల్ల సరిగ్గా మణికట్టు దగ్గర ఆగింది. దసరా నాడు దాని మీదే సుత్తి పెట్టి బొట్టు పెట్టాను. మోతీలాల్ అన్న నా మంచం మీద ఎక్కి గెంతి చూసి సరే అన్నాడు. నిన్నటి నుంచి నేను పనివాళ్ళలో ఉన్నాను.

ఇక మీ మంచం. పట్టె రెండంగుళాల మందం పెడతాను, అత్త నడుముకు కాస్త ఎత్తు కోళ్ళు కావాలి. దీపావళి లోపల పంపుతాను. అమ్మ జాడీ ఆ బస్సులోనే వెనక్కి పంపు.

నీ ఎత్తూ, అత్త ఎత్తూ వెంటనే రాయి. చెప్పులు విప్పి, గోడకు ఆనుకుని నిలబడి కొలుచుకోండి. సిగ్గుపడకండి.

నీ తిరుమల